‘దొరసాని లెక్క పండుకున్నది’: గర్భసంచి ఆపరేషన్ తర్వాత విశ్రాంతి ఎవరికి దొరుకుతుంది?

మా అక్కకు గర్భసంచి తీసేసేనాటికి ఇరవై ఏడేళ్ళు. ముగ్గురు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, నాలుగో తరగతి. నడిమివాడికి ఐదేళ్ళు. చిన్నదానికి ఇంకా రెండు నిండలేదు, చంక దిగేది కాదు. పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. ఆరోరోజు ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. మందుల పేర్ల కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి ఉన్నాయి: విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. ఎన్ని రోజులో, ఎంత బరువో లేదు. నేను చదివి చెబితే అక్క నవ్వింది. “రెస్టు తీసుకొమ్మని రాసిండ్రు గని చెల్లె, అది యాడ దొర్కుతదో రాయలేదు” అన్నది.

ఇంటికొచ్చిన తొమ్మిదోనాడు ఆమె మంచం మీద ఉంటే గుమ్మంలోంచి ఒక మాట వినిపించింది: “దొరసాని లెక్క పండుకున్నది.” అన్నది ఎవరో కాదు, అక్క అత్తగారే. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె ఐదు కాన్పులయి, ఏ కాన్పుకూ పదిహేను రోజులకు మించి ఇంట్లో లేకుండా దొర పొలంలో నాట్లేసిన మనిషి. పగటిపూట మంచం మీద పడుకున్న ఆడమనిషిని ఆమె తన జీవితంలో గడీలోనే చూసింది. అందుకే ఆ మాట వచ్చింది. ఆ ఒక్క మాటలో మన చరిత్ర చాలా ఉంది. విశ్రాంతి అనేది ఒంటికి కావలసిన అవసరంగా కాక, ఒక కులానికీ ఆస్తికీ చెందిన హోదాగా మన వాడలకు తెలుసు.

ఆపరేషన్ అయిన ఒంటికి ఏం కావాలి, చంకలో పిల్ల ఉన్న కూలితల్లి దాన్ని ఎట్లా సాధించుకోగలదు, సాధించుకోలేనప్పుడు దాని ఖర్చు ఎవరి మీద పడుతుంది అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు

2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. 2019-21లో జరిగిన ఐదో సర్వేలో కూడా ఈ రెండు రాష్ట్రాలు దేశ సగటుకు రెండింతలకు పైగానే ఉన్నాయి. ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. చదువుకున్న స్త్రీలలో కన్నా చదువుకోని స్త్రీలలో ఎక్కువ జరిగాయి.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని 2013లో సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. బాధితులు ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలేనని ఆ వ్యాజ్యం చెప్పింది. దాని మీద 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులో పెట్టాలని కోర్టు ఆదేశించింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలిస్త్రీల సంగతి 2019లో దేశమంతా తెలిసింది. ముట్టు రోజుల్లో పని ఆగితే జరిమానా పడుతుందని, కూలి పోతుందని వాళ్ళు గర్భసంచి తీయించుకుంటున్నారు. ఒంట్లోని అవయవానికీ, రోజు కూలికీ మధ్య బేరం పెడితే ఏది ఓడిపోతుందో బీడ్ చూపించింది.

మన దగ్గర దారి ఇట్లా ఉంటుంది. పదహారు, పదిహేడేళ్ళకు పెళ్ళి. ఇరవై రెండు, ఇరవై మూడు వచ్చేసరికి పిల్లల ఆపరేషన్. తర్వాత తెల్లబట్ట, నడుంనొప్పి, ముట్టు ఎక్కువ కావడం. మొదట ఆర్‌ఎంపీ, ఆయన చూపిన నర్సింగ్ హోము, అక్కడ స్కానింగ్. “పిల్లలు చాలు గదా, ఇంకా సంచెందుకు? ఉంచితే క్యాన్సరైతది” అన్న మాట. తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గుతుంది. ముట్టు ఎక్కువైతే మొదట మందులు వాడి చూడాలి. పెద్ద గడ్డలున్నా, మందులకు ఆగని రక్తస్రావమున్నా, గర్భసంచి బాగా జారినా, క్యాన్సరున్నా ఆపరేషన్ అవసరమే కావచ్చు. కాబట్టి ఆపరేషనే వద్దని నేను అనడం లేదు. ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. నా జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? ఎన్నాళ్ళు పని చెయ్యకూడదు? వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు కూడా చూపించుకోవాలి.

పైన మానినంత మాత్రాన లోపల మానదు

వారం పదిరోజులకు కుట్లు విప్పుతారు. చర్మం అతుక్కుంటుంది. “మానింది గదా, లేచి పని చేసుకో” అంటారు ఇంట్లో. తల్లి కూడా అట్లాగే అనుకుంటుంది. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

పొట్ట మీద కోత అంటే ఒక్క చర్మం కోత కాదు. చర్మం కింద కొవ్వు, దాని కింద కండలను పట్టి ఉంచే గట్టి తెల్లని పొర, ఇంకా లోపల మెత్తటి పొర ఉంటాయి. పేగుల్ని లోపల పట్టి ఉంచేది ఆ గట్టి పొరే. కోసి కుట్టిన పొర బలం మెల్లగా వస్తుంది. ఆరు వారాలకు సుమారు సగం బలం వస్తుంది. మూడు నెలలకు నూటికి ఎనభై వంతులు. మునుపటి బలం పూర్తిగా ఎప్పటికీ రాదు. వీటికి తోడు, గర్భసంచి తీసిన చోట యోని పైభాగాన్ని కుట్లు వేసి మూస్తారు. అది కంటికి కనబడదు. అది మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

అందుకే పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు, కింది నుంచి గానీ చిన్న చిల్లులు పెట్టి లాప్రోస్కోపీతో గానీ చేసినదానికి నాలుగు నుంచి ఆరు వారాలు కోలుకోవడానికి పడుతుందని చెబుతారు. “మూడు చిల్లులే గదా” అని తేలిగ్గా తీసుకోవద్దు. బయట చిల్లులు చిన్నవైనా లోపల కుట్లు అవే.

బరువు ఎత్తినప్పుడు మనం ఊపిరి బిగబడతాం. పొట్టలో ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడి నేరుగా కుట్ల మీద పడుతుంది. పొర విడిపోతే ఆ సందులోంచి పేగు ముందుకు తోసుకొస్తుంది. దీన్నే హెర్నియా అంటారు. దానికి మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ అప్పు. కింది కండరాలు సడలితే దగ్గినా తుమ్మినా మూత్రం పడటం, కింద ఏదో జారినట్టు ఉండటం మొదలవుతాయి. సిగ్గుతో చాలామంది తల్లులు ఈ బాధను ఎవరికీ చెప్పరు.

‘బరువు’ అంటే ఎంత?

ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని డాక్టర్లు మామూలుగా చెబుతారు. ఇప్పుడు కొందరు డాక్టర్లు అంత గట్టిగా కట్టడి చేయడం లేదు. ఒంట్లో ఓపికను బట్టి తేలిక పనులు త్వరగా మొదలుపెట్టమంటున్నారు. అది నిజమే, కదలిక మంచిది. అయితే తేలిక పని అంటే డాక్టరు మనసులో ఉన్న పని వేరు, మన ఇంట్లో ఉన్న పని వేరు. మన ఇంట్లో బరువుల్ని ఒకసారి తూచి చూద్దాం. ఏడాది పిల్ల ఎనిమిది తొమ్మిది కిలోలు. రెండేళ్ళ పిల్ల పది నుంచి పన్నెండు. పదిహేను లీటర్ల బిందె నిండితే పదిహేను కిలోల పైమాటే. నానిన బట్టల బకెట్టు, కట్టెలమోపు, గడ్డిమోపు, పత్తితో నిండిన ఒడి ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మన వాడలో ఐదు కిలోల లోపు పనంటూ ఉంటే అది కూర తరగడం, బియ్యం ఏరడం, పిల్లకు తల దువ్వడం. అంతే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడం కాదు. అట్లా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. మరునాటి నుంచే లేచి నాలుగడుగులు నడవాలి. రోజూ కొంచెం కొంచెం పెంచాలి. అంటే నడవాలి, మోయకూడదు. మన అత్తమ్మలకు ఈ తేడా విడమరిచి చెప్పాలి. వాకిట్లో నడుస్తూ కనిపించిన కోడలు నీళ్ళు కూడా తేవచ్చునని వాళ్ళు అనుకోకూడదు.

చంక దిగని పిల్లతో

పిల్లను ఎత్తకుండా ఉండమని తల్లికి చెప్పడం తేలిక. పిల్ల ఏడుస్తూ చేతులు చాస్తే ఆగే తల్లి ఎవరు? కాబట్టి పిల్లను దూరం పెట్టే ఉపాయం కాక, ఎత్తకుండానే దగ్గరికి తీసుకునే ఉపాయం కావాలి.

పిల్ల తల్లి దగ్గరికి రావాలి గాని తల్లి వంగి పిల్లను లేపకూడదు. మంచం పక్కన ఒక పీట గానీ గట్టి మూట గానీ వేస్తే నడిచే పిల్ల తానే ఎక్కుతుంది. తల్లి అరుగు మీదో కుర్చీలోనో కూర్చున్నాక ఇంకొకరు పిల్లను పక్కన కూర్చోబెట్టాలి. ఒళ్ళో పెట్టుకునేటప్పుడు పొట్టకూ పిల్లకూ మధ్య మడిచిన చీరో దిండో ఉండాలి. పిల్ల కాళ్ళు ఝాడించినా కుట్లకు తగలదు. పాలిచ్చే తల్లి పక్కకు తిరిగి పడుకొని ఇవ్వడం మేలు. వాడుతున్న మందులు పాలిచ్చేవాళ్ళకు మంచివేనా అని డాక్టరును తప్పకుండా అడగాలి.

లేచేటప్పుడు నేరుగా లేవకూడదు. మోకాళ్ళు మడిచి, పక్కకు దొర్లి, మోచేతి మీద బరువు వేసి లేవాలి. దగ్గు వచ్చినా నవ్వు వచ్చినా దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలి. నేల మీద మంచం వేసుకుంటే లేవడం కష్టం, నులకమంచమైనా ఎత్తుగా ఉండాలి. నేలపొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని వండకూడదు, పొయ్యిని అరుగు మీదకు మార్చాలి. గొంతుక్కూర్చుని ముక్కడం కుట్లకు మంచిది కాదు. కుర్చీకి మధ్యలో కోసి మరుగుదొడ్డి మీద పెట్టుకున్న ఇళ్ళు నేను చూశాను. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

పిల్లలకు కూడా సంగతి చెప్పాలి. “అమ్మ కడుపుకు కుట్లు పడ్డయి, ఎత్తుకోదు గాని పక్కన పండబెట్టుకుంటది” అని రోజూ చెబితే రెండేళ్ళ పిల్లకు కూడా కొంత అర్థమవుతుంది. చెప్పకపోతే అమ్మకు తన మీద కోపమొచ్చిందనుకుంటుంది.

తిండి, నీళ్ళు

ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు, మాంసం, వంకాయ పనికిరావని, నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు నానిపోతాయని మన దగ్గర నమ్మకం. కారప్పొడి అన్నంతో నెల గడిపిన తల్లులున్నారు. ఇది తలకిందుల పత్యం. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పోయిన రక్తం తిరిగి రావాలంటే ఇనుము కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప, కార్జం ఇవన్నీ పెట్టాలి. మన తాతముత్తాతల పెద్దకూరను తక్కువ తిండి అని ఊరు ఎగతాళి చేసింది. కాని అందులో మాంసకృత్తులూ ఇనుమూ నిండుగా ఉన్నాయి. తినే అలవాటున్న ఇంట్లో దానికి సిగ్గుపడనక్కరలేదు. నీళ్ళు బాగా తాగాలి. తాగకపోతే మలబద్ధకం, ముక్కడం, మళ్ళీ కుట్ల మీదే ఒత్తిడి. బయలుకు పోవలసి వస్తుందని తల్లులు తిండీ నీళ్ళూ తగ్గించుకుంటారు. మరుగుదొడ్డి లేని ఇంట్లో గాయం ఆలస్యంగా మానడానికి ఇది ఒక కారణం.

మగవాళ్ళతో ఒక మాట

లోపలి కుట్లు మానేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా భార్యాభర్తలు కలవకూడదు. డాక్టరు ఈ మాట భర్తకు చెప్పడు, భార్య సిగ్గుతో చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. గర్భసంచి తీసేస్తే ‘ఆడతనం పోయింది’ అని అనడం కూడా తప్పు. ఇక నీళ్ళు మోయడం, బట్టలు ఉతకడం, పిల్లకు ముడ్డి కడగడం. కుల నిర్మూలన సభలో మైకు పట్టుకునే చెయ్యికి బిందె పట్టుకోవడం చిన్నతనం కాకూడదు. ఆ ఆరు వారాలు నీళ్ళబిందె ఎవరు మోశారన్నది మన ఉద్యమాల్లోని మగవాళ్ళు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న.

ఆగకుండా ఆసుపత్రికి పోవలసిన గుర్తులు

జ్వరం, చలి. గాయం ఎర్రబడి చీము కారడం, కుట్లు విడిపోవడం. కింది నుంచి చెడువాసనతో నీరు పోవడం, గంటకో బట్ట తడిసేంత రక్తం. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా కారుతూ ఉండటం. పొట్ట ఉబ్బి వాంతులు కావడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి రావడం. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి. వీటిలో ఏది కనబడినా తెల్లారనిద్దామని ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళలో నలుగురు చనిపోయారు. నలుగురూ పిల్లల తల్లులే. అది గర్భసంచి తీసే ఆపరేషన్ కాదు, దానికన్నా చాలా చిన్నది. చిన్న ఆపరేషనైనా ఇంటికొచ్చాక కనిపెట్టి ఉండాలని ఆ నలుగురి చావు చెబుతోంది.

కాగితాలు పారేయకూడదు. డిశ్చార్జి చీటీ, తీసిన గర్భసంచిని పరీక్షించిన రిపోర్టు అడిగి తీసుకోవాలి. అండాశయాలు కూడా తీసేశారో లేదో అందులో ఉంటుంది. తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వస్తుంది. ఒళ్ళు మంటలు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, తర్వాత ఎముకలు గుల్లబారడం ఉంటాయి. ముప్పై ఏళ్ళకే ఇవి వస్తే “గాలి సోకింది” అని తాయెత్తులు కట్టించిన ఇళ్ళున్నాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ఈ స్థితి కొన్నేళ్ళు ముందే రావచ్చు. కారణం తెలిస్తే చికిత్స ఉంది.

విశ్రాంతి ఖర్చు ఎవరు పెట్టారు?

మళ్ళీ మా అక్క దగ్గరికి వస్తాను. ఆపరేషన్‌కు 35,000 రూపాయలు అయింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు 1,050 రూపాయలు వడ్డీ. అప్పుడు పత్తి ఏరే కూలి రోజుకు 200. వడ్డీ కట్టడానికే నెలలో ఐదు రోజులకు పైగా కూలి పోవాలి. ఇరవై ఐదోరోజు ఆమె పత్తి చేనుకు పోయింది. పోవద్దని నేనన్నాను. “పోకుంటె నువ్వు కడ్తవా?” అన్నది. అప్పుడు నాకు స్కాలర్‌షిప్పు కూడా రాలేదు. నేను మాట్లాడలేదు.

నలభై ఐదు రోజులు ఇంట్లో ఉంటే ఆమె పోగొట్టుకునే కూలి 9,000 రూపాయలు. ఆపరేషన్ ఖర్చులో నాలుగో వంతు. ఆపరేషన్‌కు అప్పు పుట్టింది, విశ్రాంతికి అప్పు పుట్టలేదు. ఇచ్చేవాడూ లేడు, అడగాలని మాకూ తోచలేదు. నాలుగో నెలలో కుట్టు పక్కన ఉబ్బు కనిపించింది. హెర్నియా అన్నారు.

ఆ ఇరవై ఐదు రోజుల విశ్రాంతైనా ఊరికే రాలేదు. మా అమ్మ తన కూలి మానుకుని పది రోజులు వచ్చి ఉంది. ఆమె వెళ్ళాక ఆ పని మా అక్క పెద్దబిడ్డ మీద పడింది. తొమ్మిదేళ్ళ పిల్ల. పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్ళు, చెల్లె చంకలో, తమ్ముడికి అన్నం. బడికి పోవడం మానేసింది. మొదట వారం అన్నారు. తర్వాత అమ్మ చేనుకు పోతుంటే చిన్నదాన్ని ఎవరు చూడాలని ఇంకో నెల. తర్వాత, వెనకబడ్డాను, పంతులు కొడతాడని అదే పోనన్నది. ఆ ఏడు పోయింది. అమ్మ గర్భసంచికీ బిడ్డ నాలుగో తరగతికీ సంబంధముందని ఏ రిజిస్టరులోనూ రాయరు. హాజరు పట్టీలో వరసగా ‘ఆ’లు మాత్రమే పడతాయి.

పిల్లకాయల తల్లి కోలుకోవడం అంటే ఆమె పని మాయమవడం కాదు, ఆ పని ఇంకొకరి మీదికి మారడం. ఉన్న ఇంట్లో అది పనిమనిషి మీదికి మారుతుంది. ఆ పనిమనిషి తరచుగా మన వాడ నుంచే వెళుతుంది. మన ఇంట్లో అది తొమ్మిదేళ్ళ ఆడపిల్ల మీదికి మారుతుంది. మార్చడానికి ఎవరూ లేకపోతే తల్లి కుట్ల మీదే పడుతుంది.

45 రోజుల సంగతి ప్రభుత్వానికి తెలుసు

ఈ ఒంటికి ఎన్నాళ్ళ విశ్రాంతి కావాలో ప్రభుత్వానికి తెలియక కాదు. గర్భసంచి ఆపరేషన్ అయిన మహిళా ఉద్యోగులకు 45 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఈ పత్రిక చదివే టీచర్లకు అది తెలిసే ఉంటుంది. మంచి ఉత్తర్వు. అదే బడిలో పిల్లలకు అన్నం వండే ఆమెకు అది వర్తించదు. ఆమె ఉద్యోగి కాదట. పాఠం చెప్పే ఆమె పొట్టకు 45 రోజులు పడితే, పొయ్యి దగ్గర గుండిగ దించే ఆమె పొట్టకు ఎన్ని రోజులు పట్టాలి?

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 1995లో సవరణ చేసి, పిల్లల ఆపరేషన్ చేయించుకున్న కార్మికురాలికి రెండు వారాల జీతంతో సెలవు పెట్టారు. పొలంలో కూలికి పోయే తల్లికి ఆ చట్టం అందలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. పిల్లను చూసుకోవడం కూలి ఇవ్వదగిన పని అని చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవారికి కోలుకునే కాలంలో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరు తెచ్చారన్నది పక్కన పెడదాం. కోలుకునే కాలానికి కూలి కట్టాలన్న సూత్రాన్ని ఒక రాష్ట్రం ఒప్పుకున్నది అన్నదే ముఖ్యం. అయితే అది పథకం కింద చేయించుకున్నవాళ్ళకే. అప్పు తెచ్చి ప్రైవేటులో కోయించుకున్న మా అక్క లాంటివాళ్ళు ఏ లెక్కలోకీ రారు.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు మీద మాట్లాడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్, తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, దాని భారాన్ని ప్రభుత్వం మోయాలని వాదించారు. తల్లి విశ్రాంతిని ఆయన దయగానో దానంగానో చూడలేదు, కార్మిక హక్కుగా చూశారు. కాన్పుకు వర్తించే ఆ వాదన కడుపు కోసిన ప్రతి ఆపరేషన్‌కూ వర్తిస్తుంది.

మనం చెయ్యగలిగినవి

కార్యకర్తలు: వాడలో ఆపరేషన్ ఖాయమైన రోజే, ఎంత అప్పు అని కాక ఆరు వారాలు నీళ్ళు ఎవరు, వంట ఎవరు, పిల్ల ఎవరు అని కూర్చుని వరస వేయించండి. డ్వాక్రా సంఘాల్లో ఆపరేషన్‌కు అప్పు ఇచ్చేటప్పుడు కూలి నష్టాన్ని కూడా కలిపి ఇవ్వాలని, మొదటి రెండు నెలలు వాయిదా అడగకూడదని తీర్మానం చేయించండి. అంగన్‌వాడీ బడి మూడేళ్ళు నిండిన పిల్లలకే. చంకపిల్లలకు చోటు లేదు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలను పగలు చూసుకునే కేంద్రాల కోసం కేంద్రం 2022లో ‘పాల్నా’ పథకం పెట్టింది. అటువంటిది మన వాడలో తెరవమని దరఖాస్తు పెట్టండి.

టీచర్లు: నాలుగో తరగతి ఆడపిల్ల వారం రోజులు రాకపోతే కొట్టడానికి కాదు, అడగడానికి ఇంటికి పోండి. “అమ్మకేమైంది?” అనేది మొదటి ప్రశ్న కావాలి. చెల్లెను తీసుకునైనా రమ్మనండి. తిరిగొచ్చిన పిల్లకు పోయిన పాఠాలు చెప్పండి.

విద్యార్థులు: మీ అమ్మ, అక్క, వదిన డిశ్చార్జి చీటీని చదివి తెలుగులో రాసి గోడకు అంటించండి. ఎన్ని వారాలు, ఎంత బరువు అని డాక్టరునే అడిగి రాయండి. చదువుకున్నందుకు ఇంటికి మనం చేయగల మొదటి పని ఇదే. నేను ఆ పని ఇరవై ఐదోరోజు దాకా చెయ్యలేదు.

మా అక్క పెద్దబిడ్డ మరుసటి ఏడు మళ్ళీ నాలుగులోనే చేరింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మొన్న సెలవుల్లో వాడలో ఒకామెకు ఆపరేషన్ అయితే ఈ పిల్లే వెళ్ళి, ఆమె అత్తను కూర్చోబెట్టి చెప్పింది: “అమ్మమ్మా, ఆమె దొరసాని లెక్క పండుకోలేదు. కోసిన మనిషి లెక్క పండుకున్నది. నలభై ఐదు రోజులు లేపకు.” ముసలామె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, “అన్ని దినాలా!” అన్నది. కాసేపటికి తనే బిందె తీసుకుని బోరింగు దిక్కు పోయింది.

ఆ ముసలామెకు కూడా ఎవరో ఒకప్పుడు ఇవ్వవలసిన రోజులున్నాయి. ఆ బాకీని కూడా మన డిమాండ్లలో రాసుకోవాలి.